టెర్మినల్ తెరిస్తే అలియాస్‌లు మాయం

ప్రశ్న: నిన్న రాత్రి డాట్ బాష్ ప్రొఫైల్ అనే ఫైలు కొత్తగా పెట్టి, అందులో నాలుగు అలియాస్‌లు (పొడవాటి కమాండ్లకు పెట్టుకునే పొట్టి పేర్లు) రాసుకున్నాను. ఉబుంటు లినక్స్‌లో టెర్మినల్ తెరిస్తే ఒక్కటీ పనిచేయదు. అదే కంప్యూటర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే పద్ధతి) వస్తే నాలుగూ ఉన్నాయి, కానీ ప్రాంప్ట్ (కమాండ్ కొట్టే చోట ముందు కనిపించే పేరు) రంగులు పోయాయి!

జవాబు: బాష్ అంటే మన కమాండ్లు తీసుకుని నడిపే షెల్ ప్రోగ్రాము. ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయితే మొదలయ్యేది లాగిన్ షెల్, బాష్ ప్రొఫైల్ చదివేది అదే. టెర్మినల్‌లో మామూలుగా తెరుచుకునేది లాగిన్ షెల్ కాదండీ. మీ ఫైళ్లలో అది డాట్ బాష్‌ఆర్‌సీ మాత్రమే చదువుతుంది. అనుమానం ఉంటే ‘ఎకో డాలర్ సున్నా’ (echo $0) కొట్టండి. బాష్ ముందు అడ్డగీత కనిపిస్తే లాగిన్ షెల్.

మరో జవాబు: రంగుల సంగతి వేరు. బాష్ ప్రొఫైల్ దొరికితే లాగిన్ షెల్ ఇక డాట్ ప్రొఫైల్ జోలికి పోదు. ప్రాంప్ట్ రంగులుండే బాష్‌ఆర్‌సీని ఉబుంటులో లాగిన్ షెల్ కోసం పిలిచేది ఆ ప్రొఫైలే. అలియాస్‌లను బాష్‌ఆర్‌సీలోకి మార్చి, కొత్త ఫైలు తీసేయండి.

అడిగినవారు: తీసేశాను. రెండు చోట్లా రంగులూ అలియాస్‌లూ ఉన్నాయి. రాత్రి రెండింటిదాకా పాపం థీమును తిట్టుకున్నాను.