దేవుడి ముఖం ఉన్న మగ్గులో మాయ్ టాయ్ అనే రమ్ము పానీయం తాగవచ్చా?

అలలహోరు:
పోయిన నెల హవాయిలోని హోనోలులు వెళ్ళినప్పుడు లా మరియానా సెయిలింగ్ క్లబ్‌లో భోజనం చేశాం. శాండ్ ఐలాండ్ దారిలో గోదాములు, లారీలు దాటుకుంటూ వెళితే కేహి మడుగు ఒడ్డున ఉంటుంది. బల్ల దగ్గర కూర్చుంటే ఎదురుగా కట్టేసిన పడవలు. కప్పు నుంచి వేలాడుతూ బంతిలా ఉబ్బిన ముళ్ళచేపల దీపాలు, జపాన్ జాలర్ల వలలకు కట్టే గాజు బుడ్లు, స్తంభాల నిండా చెక్కిన తికి ముఖాలు. తికి అంటే పాలినేషియా, అంటే పసిఫిక్ దీవుల, దేవుళ్ళ, పూర్వీకుల చెక్కడాలు; వాటి అలంకారంతో నడిచేవే తికి బార్లు, పానీయాలు కూడా ఆ ముఖాలున్న మగ్గుల్లో ఇస్తుంటారు. అన్నెట్ నహిను అనే ఆమె 1957లో దీన్ని ప్రారంభించారు. హోనోలులులోనే వైకీకీ అనే పర్యాటకుల పేటలో పాత తికి బార్లు మూతపడుతుంటే వాటి సామాను తెచ్చి ఇక్కడ నిలబెట్టుకున్నారు. నాకు ఆ చోటు ఎంతగానో నచ్చింది.

అక్కడే చదువుకుంటున్న మా అక్క కూతురు మాత్రం మాతో రాలేదు. "ఇంకొకరి దేవుళ్ళ ముఖాల్లో సారా పోసి అమ్మే పద్ధతి అది పిన్నీ, నేను రాను" అంది. ఆ మాట నన్ను వదలడం లేదు. నేను వెళ్ళడం తప్పా? సూటిగా చెప్పండి.

గవ్వలగంప:
తప్పేమీ లేదండీ. తికి బారు పాలినేషియాది కాదు, అమెరికా ఊహించుకున్న దీవి. డాన్ బీచ్‌కోంబర్ అని పేరు పెట్టుకున్న ఎర్నెస్ట్ గాంట్ 1930లలో హాలీవుడ్‌లో మొదలుపెట్టాడు. మాయ్ టాయ్‌ని 1944లో కాలిఫోర్నియాలోని ఓక్లాండులో తానే కలిపానని ట్రేడర్ విక్స్ బార్ల యజమాని విక్టర్ బెర్జెరాన్ చెప్పుకున్నాడు. అందులోని రమ్ము కరేబియన్ సరుకు, పళ్ళెంలోని వంటకాలు చాలావరకు చైనా వంటలు. ఇక ఆ బార్ల వెనుక నిలబడి పానీయాలు కలిపినవారిలో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన వలస కార్మికులు ఎందరో. వారిలో రే బుహెన్ 1961లో లాస్ ఏంజెలెస్‌లో తికి-టి పేరుతో సొంత బారు పెట్టాడు. ఆ నైపుణ్యాన్ని, ఆ శ్రమను ఒక్క మాటతో కొట్టిపారేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఉప్పుగాలి:
గవ్వలగంప గారూ, మీరు చెప్పిన చరిత్రే నా అభ్యంతరం. రమ్ము పాలినేషియా వాళ్ళది కాదు, వంట వాళ్ళది కాదు, లాభం వాళ్ళది కాదు. వాళ్ళ నుంచి తీసుకున్నది దేవుడి ముఖం ఒక్కటే!

హవాయిలో 1819లో కపు అనే పాత మత నిషేధాలను రద్దు చేసినప్పుడు ఆలయ విగ్రహాలెన్నో కాలిపోయాయి. కూ అనే హవాయి యుద్ధ దేవుడి నిలువెత్తు ఆలయ విగ్రహాలు ప్రపంచం మొత్తంలో మూడే మిగిలాయి. ఒకటి హోనోలులు బిషప్ మ్యూజియంలో, ఒకటి లండన్‌లో, ఒకటి మసాచుసెట్స్‌లో. ఆ మూడూ 2010లో కొన్ని నెలలు బిషప్ మ్యూజియంలో ఒకచోట నిలబడ్డాయి. ఇంత పోగొట్టుకున్నవారి ఎదుట అదే ముఖాన్ని మగ్గుగా పోతపోసి, నడినెత్తిన గొట్టం గుచ్చి తాగడమా? చెప్పుల మీద వినాయకుడి బొమ్మ వేస్తే మనం ఊరుకుంటున్నామా?

గవ్వలగంప:
మన హోటళ్ళ గుమ్మంలో మనమే నటరాజును పెట్టుకుంటాం కదా. అలంకారం అన్నంత మాత్రాన అవమానమవుతుందా?

ఉప్పుగాలి:
మనం పెట్టుకుంటాం. పూలు కూడా పెడతాం. అందులో సారా పోయం.

చేమదుంప:
హోనోలులు ఉన్న ఒవాహు దీవిలో పన్నెండేళ్ళుగా ఉంటున్నాను. రెండు వైపులా నిజం ఉంది అని తప్పించుకోను: నా ఓటు మీ అక్క కూతురికే, అయితే మగ్గు విషయంలో మాత్రమే. లా మరియానా లాంటి చోటు వేరు. చెత్తలో కలిసిపోవలసిన చెక్కడాలు అక్కడ బతికాయి.

ఇంకో మాట. హవాయి తిండి తినాలంటే తికి బారుకు కాదు, 'పోయి', 'లావులావు' అనే వంటకాలు వండే చిన్న భోజనశాలకు వెళ్ళండి. లావులావు అంటే చేమాకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించిన మాంసం. పోయి అంటే ఉడికించి దంచిన చేమదుంప. నా పేరు చూసి నవ్వకండి, ఇక్కడ చేమను కలో అంటారు. వాళ్ళ పురాణంలో హాలోవా అనే మొదటి బిడ్డ పుట్టగానే చనిపోతే, పాతిపెట్టిన చోట చేమ మొలిచింది. ఆ తరువాత పుట్టిన తమ్ముడు మనిషి. అంటే చేమ వాళ్ళకు అన్నగారు. పులుసులో వేసుకునే దుంప గురించి ఇలాంటి కథ విన్నాక, నేను దాన్ని మునుపటిలా తరగలేకపోయాను.

అలలహోరు:
అందరికీ కృతజ్ఞతలు. నేను ఒక మగ్గు కొనుక్కుని తెచ్చాను, ఆ సంగతి మొదట రాయలేదు. అది పూజగదికి ఎదురుగా ఉన్న అలమరలో ఉంది. ఈ రోజు ఉదయం దీపం పెడుతూ దాన్నే చూస్తూ నిలబడిపోయాను. డిసెంబరులో మళ్ళీ వెళుతున్నాం. బిషప్ మ్యూజియం చూపిస్తానని మా అక్క కూతురు మాట ఇచ్చింది. లా మరియానాకూ వెళతాను. గాజు గ్లాసులో ఇమ్మని అడుగుతాను.

గవ్వలగంప:
గ్లాసు మాటకు ఒప్పుకుంటాను. ఆ అమ్మాయిని కూడా ఆ పడవల ఎదుట ఒక్కసారి కూర్చోబెట్టండి.