‘ఫుల్సమ్ ప్రెయిజ్’: మెచ్చుకోలా, ముఖస్తుతా?

పదాలపిచ్చి:
ఒక ఇంగ్లిష్ వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ఒక పెద్దాయన పదవీ విరమణ సభలో, ఆయన కుర్చీలోకి వచ్చే మనిషి ‘ఫుల్సమ్ ప్రెయిజ్’ కురిపించాడని అందులో ఉంది. నేను ‘మనసారా మెచ్చుకున్నాడు’ అని రాశాను. చదివిపెట్టిన మిత్రుడు దాన్ని కొట్టేసి ‘ముఖస్తుతి చేశాడు’ అని దిద్దాడు. ‘ఫుల్ కనిపించగానే నిండు అనుకున్నావా?’ అని నవ్వాడు కూడా. నిఘంటువు తీస్తే రెండర్థాలూ ఉన్నాయి. తప్పెవరిది?

పాతకాపు:
మీదేనండి. ఫుల్సమ్ అంటే శ్రుతి మించినది, తీపి ఎక్కువై మొహం మొత్తినట్టుండేది. తెలియక వాడేవాళ్లు పెరిగారని అర్థం మార్చేస్తామా? అలాగైతే రేపు ‘నాయిసమ్’ అంటే గోల చేసేదంటారు. ఆ మాట నాయిస్‌కి చుట్టం కాదు, విసిగించడం అనే అర్థమున్న ‘అనాయ్’కి చుట్టం. హాని చేసేది, కంపు కొట్టేది అని దానర్థం. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో, 91వ కీర్తనలో, తెగులుకు విశేషణంగా కనిపిస్తుంది.

నిఘంటువు పురుగు:
పాతకాపు గారూ, మీరు కాపాడుతున్నది అసలు అర్థం కాదండీ, మధ్యలో వచ్చింది. 14వ శతాబ్దంలో ఈ మాటకు పుష్కలమైన అనే అర్థం. తర్వాత ఒళ్లు చేసిన, ఆ తర్వాత వెగటైన. 17వ శతాబ్దానికల్లా అతి పొగడ్తకు అంటుకుంది. 20వ శతాబ్దంలో మొదటి అర్థం మళ్లీ పుట్టింటికొచ్చింది. దాన్ని తప్పంటే ఎలా?

మాటలు దొర్లుతూనే ఉంటాయి. ‘రెస్టివ్’ ఒకప్పుడు కదలనని మొరాయించే గుర్రానికి వాడేవారు, ఇప్పుడు కుదురుగా నిలవనివాణ్ణి అంటున్నారు. మన దగ్గర మాత్రం? వేదం చదువుకున్న ఛాందసుడు చాదస్తుడయ్యాడు. జూదం ఆడించే సభికుడేమో పెద్దమనిషై సభలో కూర్చున్నాడు. కంపు అంటే ఒకప్పుడు సువాసన కూడా.

పాతకాపు:
అయితే ఎవరింటికైనా వెళ్లి ‘మీ పూలతోట కంపు కొడుతోందండీ’ అనండి. పాత అర్థం చెప్పుకునే లోపు గేటు బయట ఉంటారు.

నిఘంటువు పురుగు:
హహ, ఒప్పుకున్నా. కానీ కంపుకు ఆ పాత అర్థం నేటి వాడుకలోకి తిరిగి రాలేదు. ఫుల్సమ్‌కి వచ్చింది. తేడా అక్కడే.

డెస్కు మనిషి:
పుట్టుక పక్కన పెట్టి, పక్కనున్న నామవాచకం చూడండి. ‘ఫుల్సమ్ అపాలజీ’ కావాలని ఎవరైనా పట్టుబట్టారంటే వెగటు పుట్టించే క్షమాపణ అడిగినట్టు కాదు కదా. నీళ్లు నమలకుండా పూర్తిగా చెప్పమని. అక్కడ సందేహమే లేదు. చిక్కంతా ప్రెయిజ్ పక్కన చేరినప్పుడే. ఒకే వాక్యాన్ని ఒకరు మెప్పుగా చదువుతారు, ఇంకొకరు వెటకారంగా. అందుకే నేను రాసేటప్పుడు దాని జోలికే పోను. మీరు అనువదిస్తున్నారు కాబట్టి తప్పించుకోలేరు. ఇంతకీ ముందూ వెనకా ఏముంది?

పదాలపిచ్చి:
ముందు వాక్యంలో ఆ పొగిడిన మనిషి 40 నిమిషాలు మాట్లాడాడని ఉంది. తర్వాతి వాక్యంలో పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడని ఉంది. మొదటిది చూస్తే మిత్రుడిదే నిజం, రెండోది చూస్తే నాదే. రచయిత ఇంకేమీ చెప్పలేదు. మొదట ‘మునగచెట్టు ఎక్కించాడు’ అనుకున్నాను, కానీ అది పూర్తిగా మిత్రుడి వైపు పోతుంది. చివరికి ‘ఆకాశానికెత్తేశాడు’ అని పెట్టాను.

పాతకాపు:
ఇది ఎటూ తేల్చకుండా జారుకోవడం.

పదాలపిచ్చి:
మూలంలో తేలితే కదండీ నేను తేల్చడానికి!