రంప తిరుగుబాటును తెరకెక్కించేటప్పుడు ఏది ముఖ్యం?

ప్రశ్న: 1922–24 నాటి రంప తిరుగుబాటుపై సినిమా తీస్తే, అల్లూరి సీతారామరాజు దళాన్ని బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థుల ముఠాగా చూసిన తీరును కూడా చూపడం అవసరమంటారా?

జవాబు 1: తప్పకుండా అవసరమే. అయితే అంతకన్నా ముందు కారణాలు కనబడాలి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు సాగుకు అడ్డుపడటం, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో గిరిజనుల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించడం తెరకెక్కకపోతే, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై జరిగిన దాడి కేవలం సాహసకృత్యంగానే మిగిలిపోతుంది.

జవాబు 2: ఆ దాడిలో దళం తీసుకుపోయినవి తుపాకులు, మందుగుండు. దాడి దోపిడీ కోసం కాదు, పోరాటానికి ఆయుధాల కోసమని చెప్పే ఈ వివరమే నేరస్థుల ముఠా అన్న ముద్రకు గట్టి సమాధానం. నాయకుడొక్కడినే కాక, ఆయన ముఖ్య అనుచరులైన గాం గంటందొర, మల్లుదొర సోదరులనూ నిండైన పాత్రలుగా మలిచే దర్శకుడు రావాలని నా కోరిక.