రాత్రిపూట చెయ్యి మొద్దుబారి మెలకువ వచ్చేస్తోంది, ఇది కార్పల్ టన్నెలేనా?

నిద్రలేని_పక్షి
అందరికీ నమస్తే. కొన్నాళ్లుగా రాత్రి రెండు మూడింటికల్లా కుడిచెయ్యి మొద్దుబారిపోయి మెలకువ వస్తోంది, వేళ్లలో సూదులు గుచ్చినట్టు ఉంటుంది, లేచి చెయ్యి గట్టిగా విదిలిస్తే కాసేపటికి సర్దుకుంటుంది. ఈమధ్య పగలు ఫోన్ పట్టుకుని చదువుతున్నా మొదలవుతోంది, చొక్కా గుండీలు పెట్టుకోవాలంటే తడుముకోవాల్సి వస్తోంది. నాది రోజంతా టైపింగ్ పనే. ఇంట్లోవాళ్లు రక్తం తక్కువైందంటారు, ఆఫీసులో ఒకాయన మెడ నరం అన్నాడు, ఇంకొకాయన బి కాంప్లెక్స్ వేసుకో చాలన్నాడు. నెట్‌లో చూస్తే ఆపరేషన్ అని భయపెట్టేస్తున్నారు. అసలేంటిది, ఆపరేషన్ దాకా పోకుండా తగ్గుతుందా?

ఫిజియో_అక్క
ముందు ఒకటి చెప్పండి, చిటికెనవేలు కూడా మొద్దుబారుతోందా? ఈసారి మెలకువ వచ్చినప్పుడు ఒక్కో వేలూ తడిమి చూడండి. మణికట్టు దగ్గర అడుగున ఎముకలు, పైన గట్టి లిగమెంట్ (ఎముకల్ని కలిపే పట్టీ), మధ్యలో ఇరుకు సందు, దాన్నే కార్పల్ టన్నెల్ అంటారు. అందులోంచే వేళ్లు ముడిచే టెండాన్లు (కండని ఎముకకి కలిపే తాళ్లు) 9, వాటితో పాటు మీడియన్ నరం వెళ్తాయి. లోపల కొంచెం వాచినా సాగడానికి చోటుండదు, నలిగేది నరమే. ఆ నరం బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేల్లో మధ్యవేలి వైపు సగం చూసుకుంటుంది. చిటికెనవేలుది వేరే నరం, అది మొద్దుబారుతుంటే మోచేతి దగ్గరా మెడ దగ్గరా వెతకాలి. రాత్రే ఎందుకంటే నిద్రలో మణికట్టు మడిచేస్తాం, మడిస్తే లోపల ప్రెజర్ పెరుగుతుంది.

ఇంకోటి, రెండు చేతుల వెనకభాగాలు ఒకదానికొకటి ఆనించి వేళ్లు కిందకి వేలాడేలా ఒక నిమిషం ఉంచండి. తిమ్మిరొస్తే అనుమానం గట్టిపడినట్టే. రాకపోతే లేదని మాత్రం కాదు.

నిద్రలేని_పక్షి
అక్కా చూశాను, చిటికెనవేలు శుభ్రంగా ఉంది! ఉంగరంవేలు విచిత్రంగా ఒక పక్కే మొద్దు. మీరు చెప్పినట్టు చేతులు ఆనించానో లేదో, నిమిషం కాకుండానే జివ్వుమంది.

ఫిజియో_అక్క
అయితే చాలావరకు అదే. రాత్రి స్ప్లింట్ (మణికట్టు కదలకుండా లోపల రేకు ఉండే పట్టీ) పెట్టుకోండి, కనీసం 6 వారాలు మానకుండా. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, షాపులో దొరికే చాలా వాటిల్లో అరచేతి వైపు రేకు పైకి వంచి ఉంటుంది, అది వేరే నొప్పులకి బాగుంటుందేమో గానీ మనకి మణికట్టు తిన్నగా ఉండాలి, పైకీ వంగకూడదు కిందకీ వంగకూడదు. రేకు బయటికి లాగి టేబుల్ అంచుకి నొక్కి తిన్నగా చేసి మళ్లీ దూర్చండి. పట్టీ బిగించి కట్టొద్దు, అది కూడా నరాన్నే నొక్కుతుంది. పైన పూసే జెల్స్ మీద ఆశ పెట్టుకోకండి.

కోత_అయిపోయినోడు
బ్రో ఆపరేషన్ అంటే మరీ అంత భయం వద్దు. నాకు స్ప్లింట్‌తో సరిపోలేదు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు, కొన్ని నెలలు హాయిగా పోయాయి, మళ్లీ మొదటికొచ్చింది, అప్పుడు చేయించుకున్నా. చేతికి మాత్రమే మత్తు, డాక్టర్‌తో మాట్లాడుతుండగానే అయిపోయింది, ఆ లిగమెంట్ కోసి సందు వదులు చేస్తారు అంతే. రాత్రి తిమ్మిరి వెంటనే పోయింది. కాకపోతే ఎవరూ ముందు చెప్పని సంగతి, కుర్చీలోంచి అరచెయ్యి ఆనించి లేవాలంటే కోత పక్కన నొప్పి చాన్నాళ్లు ఉంటుంది, పట్టు కూడా మెల్లగానే వస్తుంది.

అసలు భయపడాల్సింది దేనికంటే, రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి బొటనవేలి కింద కండ చూడు. ఒకవైపు పల్చబడితే గానీ, మొద్దు రోజంతా వదలకపోతే గానీ స్ప్లింట్ పెట్టుకుని కూర్చోకు, నరం బాగా దెబ్బతిన్నాక కోసినా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

సందేహాల_పుట్ట
అందరూ చెయ్యే చూస్తున్నారు, షుగర్, థైరాయిడ్ టెస్టులు చేయించారా? ఆ రెండూ ఉన్నవాళ్లకి ఇది ఎక్కువ. ప్రెగ్నెన్సీలో కూడా వస్తుంది, చాలామందికి కాన్పయ్యాక అదే పోతుంది. కీబోర్డు మీద నేరం మోపడం ఈజీ గానీ దానికి సాక్ష్యం అంత గట్టిది కాదు, రోజంతా అదిరే మెషీన్లు పట్టుకునేవాళ్లకీ బలంగా బిగించి పట్టే పనులవాళ్లకీ రిస్క్ ఎక్కువని బాగా తెలుసు. ఇక బి కాంప్లెక్స్ అన్నాయన సలహా, బి6 దీన్ని తగ్గిస్తుందని తేలలేదు, పైగా ఎక్కువ డోసులో ఎక్కువకాలం వేసుకుంటే అదే నరాల్ని పాడుచేస్తుంది. మెడ తిప్పినప్పుడు నొప్పి చేతిలోకి పాకుతుంటే అప్పుడు ఆఫీసాయన మాట ఆలోచించొచ్చు.

నిద్రలేని_పక్షి
మెడ బానే ఉంది. కండ కూడా రెండువైపులా ఒకేలా ఉంది, ఫోటో తీసి మరీ చూసుకున్నా 😅 స్ప్లింట్ కొన్నాను, నిజంగానే రేకు వంకర ఉంది, తిన్నగా చేశా. డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా, ఆ కరెంట్ పెట్టే నరాల టెస్ట్ తప్పదా?

ఫిజియో_అక్క
లక్షణాలు ఇంత స్పష్టంగా ఉంటే మొదట్లోనే అందరికీ రాయరు. అనుమానం ఉన్నప్పుడు, లేదా ఆపరేషన్ అనుకున్నప్పుడు ఎక్కువగా అడుగుతారు, నరం ఎంత దెబ్బతిందో తెలియడానికి. చిన్న చిన్న షాకుల్లా ఉంటుంది, ఓర్చుకోగలిగిందే. తేలిగ్గా ఉన్న కేసుల్లో రిపోర్టు నార్మల్ రావచ్చు కూడా, అలా వచ్చిందని స్ప్లింట్ తీసి పారేయకండి. గుండీల సంగతి మాత్రం డాక్టర్‌కి మర్చిపోకుండా చెప్పండి.