వింటర్ ఒలింపిక్స్‌తో తెలుగు పాఠం: మీలో ఎవరైనా చేశారా?

ఆదివారం_టీచర్ (మినియాపోలిస్):
అందరికీ నమస్కారం. మా ఆదివారం తెలుగు క్లాసుకి పన్నెండు మంది పిల్లలు వస్తారు. ఇంట్లో తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. 2026 ఫిబ్రవరి 6న మిలాన్‌, కోర్టినాలో వింటర్ ఒలింపిక్స్ మొదలవుతున్నాయి. ఆ రెండు వారాలూ వీళ్ళకి వేరే ధ్యాస ఉండదు, దాన్నే పాఠం చేద్దామనుంది. ఇదివరకు చేసినవాళ్ళు ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో చెప్పండి.

కాల్గరీ_అమ్మ:
2022లో బీజింగ్ ఆటలప్పుడు చేశానండి. ముందు పతకాల పట్టిక పెట్టాను. పిల్లలు అంకెలు చదివి ఊరుకున్నారు. తర్వాతి వారం కర్లింగ్ పెట్టాను, అదే, మంచు మీద రాయిని జారవిడిచి గురి దాకా పంపే ఆట: మూడు నిమిషాల వీడియో, సౌండ్ తీసేసి. కామెంటరీ పిల్లలదే. ఆ ఆట నిదానం. దాదాపు 20 కేజీల గ్రానైట్ రాయి చివరిదాకా వెళ్ళేలోపు మాట వెతుక్కోవడానికి టైం దొరుకుతుంది.

ఒకబ్బాయి 'రాయి జారుతున్నాడు' అన్నాడు. దిద్దబోయి ఆగాను. పక్కనున్న అమ్మాయి 'జారుతోంది' అంది. 'ఆమెకీ జారుతోంది, రాయికీ జారుతోందేనా?' అని వాడే అడిగాడు. అప్పుడు బోర్డు మీద రాశాం: ఆమె వదులుతోంది. రాయి జారుతోంది. వాళ్ళు ఊడుస్తున్నారు. రాళ్ళు గుద్దుకుంటున్నాయి. ఒకటైతే ఆడమనిషికీ వస్తువుకీ క్రియ ఒకేలా ఉంటుంది, ఎక్కువైతే మనుషులు వేరు, వస్తువులు వేరు. ఏడాదిగా వర్క్‌షీట్లతో ఎక్కనిది ఆ పూట ఎక్కింది.

పంతులు_విజయనగరం:
చాలా బాగుందమ్మా. ఒక్క మాట. ఆటల పేర్లకి కొత్తగా సంస్కృత పదాలు కట్టకండి. స్కీయింగ్ స్కీయింగే, ల్యూజ్ (చిన్న స్లెడ్ బండి మీద వెల్లకిలా పడుకుని మంచు దారిలో జారే ఆట) ల్యూజే. శ్రమంతా క్రియల మీద పెట్టండి: జారడం, దూకడం, దొర్లడం, గింగిరాలు తిరగడం, తూలడం, నిలదొక్కుకోవడం. ఇవి పిల్లల నోట పలికితే నాకు అంతకంటే ఏం కావాలి.

న్యూజెర్సీ_నాన్న:
మా పాపకి 'మంచు' దగ్గరే చిక్కొచ్చింది. రింక్‌లో ఉండేదీ మంచే, కొండ మీద పడేదీ మంచేనా అంది. అదే వారం నర్సీపట్నం నుంచి అమ్మమ్మ వీడియో కాల్‌లో 'మొన్న లంబసింగి వెళ్ళామే, ఎంత మంచో!' అంది. స్నోమ్యాన్ చేశారా అని పాప అడిగింది. అమ్మమ్మ చెప్పింది పొగమంచు గురించి. ఇక అన్నీ ఆవిడ చేతే చెప్పించాం: కళ్ళకి అడ్డం పడేది పొగమంచు, పొద్దున్నే గడ్డి మీద ఉండేవి మంచు బిందువులు, గట్టిగా ఉండేది మంచుగడ్డ. పాప ఒక్కోదానికీ బొమ్మ వేసుకుంది. వీలైతే పెద్దవాళ్ళని క్లాసులో కూర్చోబెట్టండి.

జడ్పీ_ఇంగ్లీష్ (శ్రీకాకుళం జిల్లా):
నేను చెప్పేది ఇంగ్లీషు. మా పిల్లలు మంచు పడటం ఎప్పుడూ చూడలేదు, వీడియోలకి పెద్దగా కదల్లేదు. మన దేశపు ల్యూజ్ ఆటగాడు శివ కేశవన్ గురించి చెప్పినప్పుడు మాత్రం లేచి కూర్చున్నారు. మనాలి దగ్గరి మనిషి. ల్యూజ్ ట్రాక్ లేక స్లెడ్‌కి చక్రాలు బిగించుకుని కొండ రోడ్ల మీద వాహనాల మధ్య సాధన చేశాడు, 1998 నుంచి 2018 దాకా ఆరు ఒలింపిక్స్ ఆడాడు. మర్నాడు పిల్లలే ఇంగ్లీషులో ప్రశ్నలు రాసుకొచ్చారు: బ్రేకులు ఎలా వేశాడు? వాళ్ళమ్మ ఏమంది?

కాల్గరీ_అమ్మ:
కాస్త పెద్ద పిల్లలుంటే ఇంకొకటి. 2018లో చెక్ అమ్మాయి ఎస్తర్ లెడెత్స్కా సూపర్-జీ అనే స్కీయింగ్ పందెంలో సెకనులో నూరోవంతు తేడాతో స్వర్ణం గెలిచింది. గీత దాటాక తన టైం చూసి నమ్మలేక అలాగే నిలబడిపోయింది. ఆ మొహం దగ్గర వీడియో ఆపి 'ఏమనుకుంది?' అని అడగండి. 'టైమర్ పాడైందనుకుంది', 'ఇంకెవరి టైమో అనుకుంది' అని మావాళ్ళు వరసగా చెప్పారు.

ఆదివారం_టీచర్:
8వ తేదీ ఆదివారం కర్లింగ్‌తోనే మొదలుపెడతాను. పంతులుగారూ, 'ఊడుస్తున్నారు' అనాలా, 'తుడుస్తున్నారు' అనాలా?

పంతులు_విజయనగరం:
చీపురుతో ఊడుస్తాం, గుడ్డతో తుడుస్తాం. వాళ్ళు బ్రష్‌తో మంచుని రుద్దుతున్నారు. ఆ రాపిడికి మంచు పైపైన వేడెక్కి రాయి ఇంకాస్త దూరం పోతుంది. నన్నడిగితే 'రుద్దుతున్నారు' దగ్గరగా ఉంటుంది. అయినా మూడూ బోర్డు మీద రాసి వీడియో మళ్ళీ వేయండి, ఏది సరిపోతుందో పిల్లల్నే చెప్పనివ్వండి.