పసుపు, పెద్దపేగు పుండ్లు: ఎంత? మిరియం కలపాలా?

పర్లాకిమిడి: అల్సరేటివ్ కోలైటిస్‌కి దాని మామూలు మందు మెసాలమైన్‌తో పాటు పసుపు వాడాలంటే రోజుకెంత? పాలల్లో చెంచాడేస్తే సరిపోద్దా? పేగులకే వచ్చే ఇంకో వాపు జబ్బు క్రోన్స్‌కీ పనికొస్తాదా?

గుణుపురం: లెక్కెయ్యండి. పసుపులో పనిచేసే పదార్థం కర్క్యుమిన్, అది నూటికి 3 పాళ్లు. చెంచా 3 గ్రాములనుకుంటే అందేది 90 మిల్లీగ్రాములు. 2006లో జపాన్ పరీక్షలో ఇచ్చిన కర్క్యుమిన్ పొద్దున్నో గ్రాము, సాయంత్రమో గ్రాము, రోజుకి 2. అంత కావాలంటే దాదాపు 67 గ్రాముల పసుపు మింగాలి. వంట పసుపు కూరలోకే.

జయపురం: ఆ పరీక్షలో ఆరు నెలల్లో కర్క్యుమిన్ వాడిన 43 మందిలో ఇద్దరికి తిరగబెట్టింది, ఉత్తుత్తి మాత్రవాళ్లు 39 మందిలో 8 మందికి. రెండు గుంపులవాళ్లూ అసలు మందు మానలేదు. ఆ ముక్క మాత్రం ఎవరూ చదవరు!

సిరోంచ: మిరియం లేకుంటే దండగ. మిరియంల ఉండే పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితే కర్క్యుమిన్ రక్తంలకు ఇరవై రెట్లు ఎక్కుతదని 1998లనే తేలింది. గిది కూడ తెల్వదా?

గుణుపురం: రక్తంలోకెందుకు బాబూ? పుండున్నది పేగు లోపలి పొర మీద. ఒంటికి పట్టనిదే కిందికి దిగుతుంది. పైగా పైపరిన్ కాలేయం ఎంజైముల్ని అడ్డుతుంది. రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ లాంటివి వాడేవాళ్లకి రక్తంలో మందు పెరిగిపోవచ్చు.

సిరోంచ: కణంలకు పోకుంటే వాపును రగిలించే ఎన్‌ఎఫ్ కప్పా బి ఎట్ల ఆగుతది? వాపు పెంచే టీఎన్‌ఎఫ్ ప్రొటీన్ ఎట్ల తగ్గుతది?

గుణుపురం: పొర కణాలకి పేగు వైపు నుంచే అందుతుంది. ఊరంతా తిరిగి పెరటిగుమ్మంలోంచి రానక్కర్లేదు.

రాయగడ: మీ మిరియం గొడవ కన్నా మోతాదు ముఖ్యం. 2015 పరీక్షలో రోజుకి 3 గ్రాముల కర్క్యుమిన్ ఇస్తే నెలలో 26 మందిలో 14 మంది కుదుటపడ్డారు, ఉత్తుత్తి మాత్రవాళ్లు 24 మందిలో ఒక్కరూ లేరు. ఢిల్లీ ఎయిమ్స్ 2017 పరీక్షలో 150 మిల్లీగ్రాముల చొప్పున మూడు పూటలా ఇస్తే తేడాయే లేదు.

బరంపురం: ముందు సరుకు చూసుకోండి. కందమాల్ పసుపుకి 2019లో జీఐ (ఫలానా ప్రాంతం సరుకనే గుర్తింపు) వచ్చింది, ఆ పేరు రాసి ఏదైనా అమ్మేస్తారు. కొమ్ములు కొని ఆడించుకోండి. పసుపు నీళ్లలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్కలేస్తే గులాబీ రంగొస్తుంది. నీళ్లు కలిపినా ఆ రంగు పోకపోతే మెటానిల్ ఎల్లో అనే కల్తీ రంగు ఉన్నట్టే. మెరుపుకి కలిపే విషపు రంగు సీసం క్రోమేట్ దీనికి దొరకదు, ల్యాబే దిక్కు. మెరిసే కొమ్ము ముట్టుకోకండి.

సిరోంచ: మార్కెట్ ముచ్చట ఎవరడిగిండ్రు?

పర్లాకిమిడి: క్రోన్స్ మాటేటి?

జయపురం: ఫ్రాన్స్‌లో ఆపరేషన్ తర్వాత రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్‌కి తోడు 3 గ్రాములిచ్చి చూశారు, లాభం లేదు. ఈ రెండింటిలో ఏ జబ్బుకైనా కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపును చెప్పే మల పరీక్ష) చూడకుండా "తగ్గింది" అనకండి. పిత్తాశయంలో రాళ్లున్నా, రక్తం పలచబడే మందులున్నా డాక్టరునడగాలి. కర్క్యుమిన్ ఇనుమును పట్టేసుకుంటుంది. రక్తం పోయి ఐరన్ మాత్రలు మింగేవాళ్లు రెండూ ఒకే పూట వేసుకోకూడదు, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) చూపించుకుంటూ ఉండాలి.