సమస్యాపూరణం: "తుది దినంబున మొదలాయె తొలి పయనము"

నిర్వాహకుడు:

మిత్రులారా, ఈ వారం సమస్య తేటగీతి అనే పద్యానికి చివరి పాదం. ముందు మూడు పాదాలు మీరు రాయాలి.

తుది దినంబున మొదలాయె తొలి పయనము

సందర్భం కూడా నేనే ఇస్తున్నాను. భార్యాభర్తలు కారులో అరకు వెళ్లారు. సెలవులు అయిపోయాయి, ఇది తిరుగు ప్రయాణం రోజు. అరకు నుంచి విశాఖకు సుమారు 115 కిలోమీటర్లు. గాలికొండ, అనంతగిరి, ఘాట్ దిగాక శృంగవరపుకోట, ఆ తర్వాత మైదానం. ఈ దారిలో ఎక్కడైనా మీ పద్యం జరగవచ్చు.

గణాలు: తుదిది – నంబున – మొదలాయె – తొలిప – యనము. యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) తు–తొ. ప్రాస నియమం లేదు, యతి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి చెల్లుతుంది.

ఒక్క మనవి. "తొలి పయనం" అంటే దాంపత్య జీవితమనే పయనం అని చెప్పేస్తే సమస్య విడిపోయినట్టే కనిపిస్తుంది, కానీ పద్యంలోంచి దారి మాయమైపోతుంది. అది ఎవరి తొలి పయనం? చివరి రోజునే ఎందుకు మొదలైంది? రోడ్డు మీద నిజంగా జరగగల కారణం చూపించండి. గేరు, సీటు, రోడ్డు లాంటి మాటలకు అభ్యంతరం లేదు. మన గణాల్లో అవి చక్కగా ఒదుగుతాయి.

రాజాం మాస్టారు:

నా పూరణ. "తుది దినం" అంటే ఉద్యోగంలో చివరి రోజు అని తీసుకున్నాను.

కొలువు ముగిసిన నాడె యా కొండదారి
పట్టి రాలును మగడును వయసు మరచి
యరకు లోయలో చలిమంట పక్క చేరి
తుది దినంబున మొదలాయె తొలి పయనము

నిర్వాహకుడు:

మాస్టారూ, ఆలోచన బాగుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఇద్దరూ కలిసి ఎక్కడికీ వెళ్లలేదన్న మాట పద్యంలో ఎక్కడా లేదు, అయినా "వయసు మరచి" దాన్ని అందిస్తోంది. మూడో పాదంలో మాత్రం యతి తప్పింది. అ–ప కుదరవు. "పక్క చేరి" తీసి "దరికి చేరి" అనండి. అరకు–దరికి, రెండో అక్షరం ర కలిసి ప్రాసయతి సరిపోతుంది. మొదటి అక్షరాలు రెండూ లఘువులే కాబట్టి ఇబ్బంది లేదు.

మూడో పాదం "చేరి" అని అసమాపకంతో ఆగింది, నాలుగో పాదంలో కర్త మారిపోయాడు. "చేర" అంటే అన్వయం కుదురుతుంది.

విజయనగరం మిత్రుడు:

నాకు ఇంకో సందేహం మాస్టారూ. పదవీ విరమణ నాడు సన్మానం, దండలు, ఉపన్యాసాలు ఉంటాయి కదా. అవన్నీ ముగించుకుని అదే సాయంత్రం అరకులో చలిమంట దగ్గరికి చేరడం కుదురుతుందా?

రాజాం మాస్టారు:

సభ పొద్దున్నే పెట్టించాను నాయనా! భోజనాలు కాగానే బయలుదేరితే చీకటి పడేసరికి అరకులో ఉండొచ్చు. "దరికి చేర" అని మార్చుకుంటున్నాను.

కొత్త సభ్యుడు:

నమస్కారం. మొదటి రోజు నుంచి అలకతో ఉన్న కొత్త జంట, చివరి రోజు కలిసిపోయారని రాస్తున్నాను. మొదటి పాదం ఇది, మిగతాది కుదరడం లేదు.

అలక తీరిన జంటకు నరకు లోన

నిర్వాహకుడు:

గణాలు, యతి, సంధి అన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ పైకి చదివి చూడండి. "నరకు లోన" అని వినబడుతోంది, చెవికి నరకమే తోస్తుంది. శుభం చెప్పే పద్యంలో ఆ ధ్వని రాకూడదు. అరకు పాదం మొదట వచ్చేలా తిప్పి రాయండి. అలక ఎందుకు వచ్చిందో, ఏ మలుపు దగ్గర తీరిందో కూడా చెప్పగలిగితే మిగతా పాదాలు వాటంతటవే వస్తాయి.

విజయనగరం మిత్రుడు:

నేను మనుషుల్ని వదిలి నదిని పట్టుకున్నాను. జంటకు అది చివరి రోజు. నదికి మాత్రం కడలిలో తొలి పయనం.

బొఱ్ఱ గుహలోన పుట్టిన పుణ్య నదిని
వెంట నంటి కారున వచ్చు వేళ మాకు
భీమిలిని చేరి యలలలో పెనగె నదియు
తుది దినంబున మొదలాయె తొలి పయనము

భీమిలి సోదరుడు:

మా ఊరి దాకా వచ్చిన పద్యం కాబట్టి చొరవ తీసుకుంటున్నాను. మీరు చెప్పిన నది, గోస్తని, గుహలో పుట్టలేదండీ. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల గుండా పోతుంది. కొండ దిగాక తాటిపూడి జలాశయంలో నిలిచి, చివరికి మా దగ్గర సముద్రంలో కలుస్తుంది. "పుట్టిన" బదులు "పొరలెడి" అంటే గణమూ చెడదు, మాటా నిజమవుతుంది.

నిర్వాహకుడు:

మంచి సవరణ. రెండో పాదంలో "మాకు" ఏ క్రియకూ అతకలేదు, పాదం నింపడానికి వచ్చి కూర్చుంది. అలాగని దాన్ని ఊరికే తీసేస్తే జంట కనబడదు. ఇలా చేస్తే?

బొఱ్ఱ గుహలోన పొరలెడి పుణ్య నదిని
వెంట నంటుచు నొక జంట వేడ్క రాగ
భీమిలిని చేరి యలలలో పెనగె నదియు
తుది దినంబున మొదలాయె తొలి పయనము

అరకు నుంచి విశాఖకు తిన్నగా పోకుండా తాటిపూడి, పద్మనాభం మీదుగా భీమిలి చేరేవాళ్లకు ఈ పద్యం అక్షరాలా నిజం. రోడ్డు నదిని వదులుతుంది, మళ్లీ ఎక్కడో కలుస్తుంది. "వెంట నంటుచు" అన్న మాటకు ఆ మాత్రం చనువు ఇవ్వవచ్చు.

అనకాపల్లి సోదరి:

అన్నయ్యగారూ, మా ఇంటి సంగతే రాశాను.

కాఫి తోటలో మగనికి కాలు బెణికె
ఆలి చక్రంబు చేపట్టె నంతలోనె
వంపు వంపున భయమెల్ల పారిపోవ
తుది దినంబున మొదలాయె తొలి పయనము

భీమిలి సోదరుడు:

బాగుందమ్మా. "చక్రంబు చేపట్టె" అనగానే నాకు కురుక్షేత్రంలో భీష్ముడి మీదికి దూకిన కృష్ణుడు కనిపించాడు. అక్కడ సారథి చక్రం పట్టి యోధుడయ్యాడు, ఇక్కడ పక్కన కూర్చున్నావిడ చక్రం పట్టి సారథి అయింది.

రాజాం మాస్టారు:

కానీ తల్లీ, బొత్తిగా నడపడం రాని మనిషి ఘాట్ రోడ్డులో కారు దింపిందంటే చదివేవాళ్లకు టెన్షన్ పుడుతుంది.

అనకాపల్లి సోదరి:

లైసెన్సు ఉంది మాస్టారూ, ఊళ్లో రోజూ నడుపుతాను. కొండ దారిలో మాత్రం ఎప్పుడూ ఆయనే. ఆ రోజు మిరియాల తీగ పాకిన చెట్ల మధ్య తిరుగుతుంటే వేరు తగిలి ఆయన కాలు మడత పడింది. పాదం వాచిపోయింది, క్లచ్ తొక్కలేరు. అనంతగిరి నుంచి నేనే దించాను. రెండో గేరులోనే ఉంచాను, ఇంజనే బండిని పట్టి ఉంచింది కాబట్టి బ్రేకు మీద కాలు అస్తమానం నొక్కిపెట్టాల్సిన పని పడలేదు. మలుపు మలుపుకీ హారన్ కొట్టాను. ఇరుకు చోట్ల ఎక్కే బండికి దారి వదిలాను.

నిర్వాహకుడు:

అమ్మా, మీరు ఇప్పుడు వచనంలో చెప్పినదే అసలు పద్యం. మూడో పాదంలో భయం పారిపోయిందన్నారు. ఆ మాట ఎవరైనా, ఏ ప్రయాణం గురించైనా అనగలరు. రెండో గేరులో దిగడం మీరు మాత్రమే చెప్పగలరు. గేరుకు యతి ఏమిటా అని చూస్తే "గెలిచి" ఉంది. మొదటి పాదం చివర కూడా విసంధి ఉంది, అంటే సంధి చేయకుండా వదిలేశారు. బెణికెన్ + ఆలి, "నాలి" అనండి. ఆ–అ యతికి ఇబ్బంది లేదు.

కాఫి తోటలో మగనికి కాలు బెణికె
నాలి చక్రంబు చేపట్టె నంతలోనె
గేరు తగ్గించి మలుపులు గెలిచి దిగగ
తుది దినంబున మొదలాయె తొలి పయనము

ఈ సమస్య ఇచ్చినప్పుడు నేను ఆశించింది ఇలాంటి పూరణే. భయం అన్న మాటే లేదు, కానీ "గెలిచి"లో ఎంత భయం దాటి వచ్చారో ఉంది. "తొలి పయనము" అన్న మాట ఆవిడకు తప్ప మరెవరికీ చెందదు. కారు అదే, దారి అదే, పక్కనున్న మనిషీ ఆయనే. సీటు ఒక్కటే మారింది.

విజయనగరం మిత్రుడు:

మూడో పాదం అద్భుతం. నా నది పద్యం కన్నా ఇదే నాకు నచ్చింది. కాలు ఎలా ఉందమ్మా ఇప్పుడు?

అనకాపల్లి సోదరి:

తగ్గింది అన్నయ్యా. ఆయన కూడా ఒకటి రాశారు, నన్నే పెట్టమంటున్నారు. కార్తీకంలో వెళ్లాం కాబట్టి దారంతా వలిసె పూలే.

ఇన్ని యేండ్లుగ చూచితి నెదుటి రోడ్డె
పక్క సీటున కూర్చున్న పగటి వేళ
వలిసె పూవుల పసుపెల్ల పారజూడ
తుది దినంబున మొదలాయె తొలి పయనము

నిర్వాహకుడు:

యతులన్నీ చూశాను. ఇ–నె, ప–ప, వ–పా. ఒక్కటీ తప్పలేదు. ఘాట్‌లో బండి నడిపేవాడికి లోయ కనబడదు, ముందున్న మలుపే కనబడుతుంది. అరకు ఎన్నిసార్లు వెళ్లినా ఆయన అరకు చూడలేదన్నమాట. మొదటి పాదం "రోడ్డె" అని ఏవకారంతో, అంటే రోడ్డు మాత్రమే అన్నట్టు, ఆగడంలో ఆ సంగతంతా ఉంది. "పారజూడ" అన్నది ఇక్కడ సరిగ్గా కుదిరిన మాట. తీరికగా, ఆ చివర నుంచి ఈ చివర దాకా చూడటం అది.

రెండు పద్యాలూ ఒకే కారులో పుట్టినవి కాబట్టి ఒకదాని కింద ఒకటి ఉంచుతున్నాను. కొత్త సభ్యుడు తన అలక పద్యం పూర్తి చేసి పంపాలి. ఆదివారం రాత్రి దాకా పూరణలు తీసుకుంటాను.